యజమాని లేని పాలు

ఒరేయ్ మామా,

నీ ఉత్తరం అందింది. నాన్నగారి ఎరువుల షాపు అరువు ఖాతాలన్నీ ఎస్‌క్యూలైట్ డేటాబేస్‌లోకి ఎక్కిస్తున్నావని చదివి ఎంత సంతోషించానో చెప్పలేను. అయితే చివర్లో ఒక మాట అన్నావు చూడు, "రైతు ఉన్నాడో లేడో ప్రోగ్రాంలోనే చెక్ చేస్తున్నా కదా, ఫారిన్ కీ కూడా పెట్టాలా?" అని. ఫారిన్ కీ అంటే, ఒక టేబుల్లో రాసిన నంబరు దాని అసలు టేబుల్లో తప్పకుండా ఉండాలని డేటాబేస్‌కే చెప్పే నిబంధన. అది చదివాక ఫోన్లో రెండు ముక్కలు చెప్పి ఊరుకోబుద్ధి కాలేదు.

2010లో నేనొక పాల కేంద్రానికి లెక్కల ప్రోగ్రాం రాశాను, గుర్తుందా? అందులో ముఖ్యమైనవి రెండే టేబుళ్లు. ఒకటి రైతులది. రెండోది రోజూ రెండు పూటలా ఎవరు ఎన్ని లీటర్లు పోశారు, వెన్న శాతం ఎంత అన్నది. రెండో దాంట్లో పేరు ఉండదు, రైతు నంబరు మాత్రమే ఉంటుంది. ఒకరోజు అక్కడి కుర్రాడు పాలు పోసే ఒకామె పేరు రైతుల టేబుల్లో రెండు నంబర్లతో ఎక్కిందని చూసి ఒకటి తీసేశాడు. అతను తీసింది పాలు నమోదవుతున్న నంబరునే. పదిహేను రోజులకు బిల్లులు తీస్తే ఆమె బిల్లు రాలేదు. పాల లెక్కంతా టేబుల్లో అలాగే ఉంది, కానీ ఆ నంబరుకు యజమాని లేదు. ఆమె చేతిలో పాల కార్డు పట్టుకుని వచ్చి నిలబడింది. ఆ కార్డుతో ఒక్కో పూటా సరిచూసి ఆ పాలు ఆమెవేనని తేల్చాం. ఆ కార్డే లేకపోతే ఆ డబ్బు పోయేది మామా. ఆ సంగతి ఇప్పటికీ నన్ను వదల్లేదు.

అసలు బాధ ఏమిటంటే, నేను ఫారిన్ కీ రాశాను. టేబుల్ చేసేటప్పుడే రాశాను. అప్పుడు నేను వాడిన డేటాబేస్, మైఎస్‌క్యూఎల్, ఏ ఎర్రరూ ఇవ్వకుండా తీసుకుంది. కానీ అప్పట్లో అందులో డేటాను దాచడానికి డీఫాల్టుగా వచ్చే మైఐసామ్ ఇంజిన్ ఆ లైను చదివి వదిలేసేది, అమలు చేసేది కాదు. ఫారిన్ కీని నిజంగా అమలు చేసే ఇన్నోడీబీ ఇంజిన్ డీఫాల్టు అయ్యింది 5.5 వెర్షన్‌లో, అది వచ్చింది ఆ ఏడాది చివర్లో. రాసిన నిబంధన నిజంగా పనిచేస్తోందో లేదో నేను ఒక్కసారి కూడా పరీక్షించలేదు.

నీ ఎస్‌క్యూలైట్‌లోనూ అలాంటి మెలికే ఉంది, అందుకే ఇంత వివరంగా రాస్తున్నా. 2009 నుంచి అది ఫారిన్ కీలను అమలు చేయగలదు, కానీ మామూలుగా ఆ స్విచ్ ఆపేసి ఉంటుంది. "ప్రాగ్మా ఫారిన్_కీస్ = ఆన్" అనే ఆదేశం కనెక్షన్ తెరిచిన ప్రతిసారీ చెప్పాలి. ఒకసారి చెబితే ఫైల్లో నిలిచిపోదు. ట్రాన్సాక్షన్ మధ్యలో, అంటే కలిపి ఒకేసారి జరగాల్సిన మార్పులు నడుస్తుండగా, చెప్పినా పట్టించుకోదు. కాబట్టి కనెక్షన్ తెరిచే ఫంక్షన్‌లోనే మొదటి లైనుగా పెట్టేయ్. తర్వాత లేని రైతు నంబరుతో, 99999 అనుకో, ఒక బిల్లు ఎక్కించి చూడు. అది ఒప్పుకోకుండా ఎర్రర్ ఇస్తేనే నమ్ము.

నీ ప్రోగ్రాంలో చెక్ ఉండటం మంచిదే. కానీ రేపు మీ తమ్ముడు నేరుగా డేటాబేస్ తెరిచి ఒక వరుస తీసేస్తే నీ ప్రోగ్రాంకు తెలియదు. డేటాబేస్‌కే కాపలా అప్పగిస్తే ఎవరు ఏ దారిన వచ్చినా ఆపుతుంది. ఇది ఇప్పటి మాట కూడా కాదు, 1970లో ఐబీఎమ్‌లో ఉన్న ఎడ్గర్ కాడ్ రిలేషనల్ పద్ధతిని వివరించిన పత్రంలోనే ఫారిన్ కీ అన్న పేరు ఉంది.

ఇంకొకటి, రైతు నంబరు కాలమ్‌కు, ఖాళీగా ఉండకూడదని చెప్పే "నాట్ నల్" తప్పకుండా పెట్టు. ఖాళీగా వదిలితే ఫారిన్ కీ అడ్డు చెప్పదు, ఎవరిదో తెలియని బాకీ లోపలికి వచ్చేస్తుంది. త్వరగా వెతకడానికి ఆ కాలమ్‌కు ఇండెక్స్ కూడా నువ్వే వేసుకోవాలి, ఎస్‌క్యూలైట్ తనంతట తాను వేయదు.

"ఆన్ డిలీట్ కాస్కేడ్" గురించి అడిగావు, అదే, పై వరుస తీసేస్తే దానికి చెందిన వరుసలన్నీ వాటంతటవే పోయే పద్ధతి. బిల్లుకూ, దానికింద ఉండే యూరియా, పొటాష్ లైన్లకూ మధ్య పెట్టుకో. బిల్లు రద్దయితే లైన్లకు అర్థం లేదు. రైతుకూ బిల్లుకూ మధ్య మాత్రం వద్దేవద్దు. రైతును తీసేస్తే పంట చేతికొచ్చాక కడతానన్న బాకీ మొత్తం చెప్పాపెట్టకుండా మాయమవుతుంది. అక్కడ బిల్లు ఉన్నంతవరకు రైతును తీయనివ్వని "రిస్ట్రిక్ట్" పెట్టు. షాపుకు రావడం మానేసిన రైతుకు వేరే కాలమ్‌లో ఒక గుర్తు పెట్టుకుంటే సరిపోతుంది.

ఇప్పటికే చేసిన టేబుల్లో ఉన్న కాలమ్‌కు ఎస్‌క్యూలైట్‌లో ఆల్టర్ టేబుల్ (టేబుల్‌ను మార్చే ఆదేశం)తో ఫారిన్ కీ తగిలించడం కుదరదు. ఆ కాసేపు ఫారిన్ కీ స్విచ్ ఆపేసి, కొత్త టేబుల్ చేసి, డేటా అందులోకి కాపీ చేసి, పాతది తీసేసి పేరు మార్చాలి. ఆ పని అయ్యాక "ప్రాగ్మా ఫారిన్_కీ_చెక్" నడిపితే యజమాని లేని వరుసలన్నీ బయటపడతాయి. వాటిని మాత్రం నువ్వొక్కడివే సరిచేయకు. నాన్నగారి పక్కన కూర్చుని, పాత ఖాతా పుస్తకాలు ముందు పెట్టుకుని ఒక్కొక్కటీ అడుగు. ఏ బాకీ ఎవరిదో ఆయనకు తెలుస్తుంది.

ఎన్ని వరుసలు బయటపడ్డాయో రాయి. అమ్మను అడిగానని చెప్పు.

నీ
మామ