ఆరేళ్లు నిండేదాకా ఆగమనకండి

సంపాదకులకు నమస్కారం.

మా మనవడికి నాలుగేళ్లు. మాట ఇంకా సరిగా రాలేదు. కుక్కర్ కూత పెట్టినా, వీధిలో పెళ్లి మేళం వినిపించినా రెండు చెవులూ మూసుకుని మూలకు చేరతాడు. పోయిన ఏడాది తిరుపతిలోనే ఒక ప్రైవేటు ప్లేస్కూల్లో చేర్పిస్తే, ఫీజు కట్టిన మూడు వారాలకే "మిగతా పిల్లల తల్లిదండ్రులు అభ్యంతరం చెబుతున్నారు, ఆరేళ్లు వచ్చాక చూద్దాం" అని వెనక్కి పంపేశారు. ఆ తర్వాత మా వీధి అంగన్‌వాడీలో ఏ ప్రశ్నా వేయకుండా చేర్చుకున్నారు. అక్కడి టీచరమ్మ ఇందుకోసం ప్రత్యేకంగా చదువుకున్న మనిషి కాదు. అయినా బిడ్డను రోజూ ఒకే చోట, తలుపుకు దూరంగా గోడవార కూర్చోబెట్టింది. అన్నం వేళకు ముందు ఖాళీ పళ్లెం, ఆటకు ముందు బంతి చూపించడం అలవాటు చేసింది. పాట పాడేటప్పుడు చప్పట్లు మెల్లగా కొట్టమని తక్కిన పిల్లలకు చెప్పింది. రెండు నెలలు తిరిగేసరికి వాడు తన పళ్లెం తానే తెచ్చుకుని వరుసలో కూర్చుంటున్నాడు. ముప్పై ఏళ్లు బడిలో పాఠాలు చెప్పిన నాకు, ఆ ఖాళీ పళ్లెం ఉపాయం ఇంట్లో ఒక్కనాడూ తట్టలేదు.

దివ్యాంగుల హక్కుల చట్టం, 2016 ప్రకారం నిర్దేశిత స్థాయి (40 శాతం, అంతకు మించి) వైకల్యం ఉన్న పిల్లలకు ఉచిత విద్య హక్కుగా అందేది 6 నుంచి 18 ఏళ్ల వరకు. మాట, నడక, తోటివారితో మెలగడం కుదురుకునే తొలి ఆరేళ్లు ఆ హక్కుకు వెలుపలే ఉండిపోయాయి. ఆ లోటు కేంద్ర ప్రభుత్వానికి తెలియనిది కాదు. 2020 జాతీయ విద్యా విధానం బడికి ముందరి దశలోనూ ఈ పిల్లలను కలుపుకోవడానికి అత్యంత ప్రాధాన్యం ఇస్తామన్నది. 2023 నవంబరులో మహిళా శిశు సంక్షేమ శాఖ దివ్యాంగ బాలల కోసం అంగన్‌వాడీలకు ప్రత్యేక మార్గదర్శకాలు విడుదల చేసి, లోపాన్ని తొందరగా గుర్తించడం, బిడ్డను నలుగురి కార్యక్రమాల్లో కలుపుకుని కుటుంబానికి అండగా నిలవడం, ఆశా, ఏఎన్‌ఎంల ద్వారా వైద్యానికి పంపడం అనే మూడు పనులు అప్పగించింది. గుర్తించడం కొంతవరకు జరుగుతున్నది. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు అంగన్‌వాడీ పిల్లలను ఏడాదికి రెండుసార్లు పరీక్షించాలన్న నియమం ఉన్నది. గుర్తించిన మర్నాటి నుంచి ఆ బిడ్డకు కేంద్రంలో పూట ఎలా గడవాలో చెప్పేవారే లేరు.

ఒక కార్యకర్త, ఒక ఆయా. బరువులు తూచాలి, ఫోన్లో వివరాలు ఎక్కించాలి, వంట చూడాలి, గర్భిణుల సరుకులు పంచాలి. వీటి నడుమ మా మనవడి వంటి బిడ్డను కనిపెట్టుకోవడం ఆమె మంచితనం మీదే ఆధారపడి ఉన్నది. రేపు ఆమె లేకపోతే మా సంగతేమిటి? నాకు తోచిన మార్గం ఒకటి ఉన్నది. మండలాల్లో ప్రభుత్వ విద్యా పథకమైన సమగ్ర శిక్షా నడుపుతున్న భవిత కేంద్రాల్లో ఈ పిల్లలకు నేర్పడానికి శిక్షణ పొందిన ఉపాధ్యాయులు ఉన్నారు. వారిలో ఒకరు వారంలో ఒక నిర్ణీత రోజున దగ్గరలోని అంగన్‌వాడీలకు వెళ్లి, టీచరమ్మ పక్కన కూర్చుని, ఏ బిడ్డకు ఏ మార్పు కావాలో చూపించి వస్తే, పాకాల, చంద్రగిరి వైపు నుంచి బిడ్డను చంకనేసుకుని బస్సులో తిరుపతి రుయా ఆసుపత్రికి తిరిగే తల్లులకు కొన్ని ప్రయాణాలైనా తప్పుతాయి. పసితనంలో అందే శిక్షణ విలువ మన ఊరికి కొత్త కాదు. తిరుమల తిరుపతి దేవస్థానం వారి 'శ్రవణం' కేంద్రంలో వినికిడి లోపమున్న పసిపిల్లలకు తల్లులను పక్కన కూర్చోబెట్టుకుని మాటలు నేర్పుతున్నారు.

తక్కిన పిల్లలు వీడి అలవాట్లు పట్టుకుంటారేమోనని భయపడే తల్లిదండ్రులను నేను తప్పుపట్టను. వారు ఒక్కపూట వచ్చి కూర్చుంటే చాలు. మా కేంద్రంలో పిల్లలు నేర్చుకున్నది, వాడి దగ్గర గొంతు తగ్గించి మాట్లాడడం. చేర్చుకునే ముందు వైకల్యాన్ని నిర్ధారించే సదరం ధ్రువపత్రం తెమ్మని అడిగేవారికీ ఒక మాట: ఆ పత్రం పింఛను వంటి వాటికి కావాలి గాని, అంగన్‌వాడీలో కూర్చోవడానికి అక్కరలేదు.

మా కేంద్రం అద్దె ఇంట్లో ఉన్నది; ముందు మూడు మెట్లు. వెనక వీధిలో నడవలేని పాప ఒకతె ఉన్నది. వాళ్లమ్మ రోజూ వచ్చి గుడ్డు, పాలు తీసుకుని ఇంటికి వెళుతుంది. రిజిస్టరులో ఆ పాప పేరు ఉన్నది, ఎదురుగా హాజరూ పడుతున్నది. ఆ మూడు మెట్ల మీద ఒక వాలుబాట వేయించి, కింద కూర్చోలేని ఆ పాపకు ఆనుడు ఉన్న చిన్న కుర్చీ ఒకటి ఇప్పించమని అంగన్‌వాడీలను చూసే ఐసీడీఎస్ అధికారులను మీ పత్రిక ద్వారా వేడుకుంటున్నాను.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు, తిరుపతి