పాత కారు డిస్ట్రిబ్యూటర్‌ను తుక్కులో వేయకండి

సంపాదకులకు నమస్కారం.

తాతగారో నాన్నగారో వాడి, షెడ్డులో వదిలేసిన అంబాసిడర్‌నో ప్రీమియర్ పద్మినినో మళ్లీ రోడ్డెక్కించాలని ఆశపడేవాళ్లు నాకు తెలిసినవాళ్లలోనే నలుగురైదుగురు ఉన్నారు. ఇంజిన్ మిస్సింగ్ కొడుతోందని, అంటే మధ్యమధ్య స్పార్క్ తప్పుతోందని, బండిని మరమ్మతు షెడ్డుకు తీసుకువెళితే వాళ్లందరికీ మొదట వినిపించే సలహా ఒకటే: “పాయింట్లు తీసేసి ఎలక్ట్రానిక్ వేయించండి, ఇక చూసుకోనక్కర్లేదు.” ప్లగ్గులకు వంతులవారీగా కరెంటు పంచేది డిస్ట్రిబ్యూటర్. అందులో కరెంటును తెంచి కలుపుతూ స్పార్క్ పుట్టించే లోహపు జతే పాయింట్లు, ఆ పనిని ఎలక్ట్రానిక్ మాడ్యూల్‌కు అప్పగించమంటారు. ఈ సలహా తప్పని నేను అనను. అయితే జబ్బేమిటో చూడకుండానే ఇచ్చే మందు ఇది. దీనివల్ల బాగున్న సామాను తుక్కులోకి పోతోంది. మా బండి విషయంలో నేను పడిన అవస్థ మరొకరికి రాకూడదని ఈ లేఖ రాస్తున్నాను.

మాది 1972 నాటి అంబాసిడర్ మార్క్ టూ, 1,489 సీసీ పెట్రోల్ ఇంజిన్. మూడేళ్ల కిందట దానికి ఒక విచిత్రమైన లోపం వచ్చింది. నిలబెట్టి ఉంచితే ఇంజిన్ నిమ్మళంగా తిరిగేది, ఆక్సిలరేటర్ గట్టిగా తొక్కినా బాగానే లాగేది, కానీ సమతలమైన రోడ్డు మీద మామూలు వేగంతో పోతున్నప్పుడు మాత్రం తుళ్లిపడుతూ మిస్సింగ్ కొట్టేది. ఒక దుకాణంలో చూపిస్తే డిస్ట్రిబ్యూటర్ మూత విప్పి, పాయింట్లు, కండెన్సర్, వాటిని బిగించిన ప్లేటు అన్నీ ఊడదీసి ఎలక్ట్రానిక్ మాడ్యూల్ పెట్టారు, బ్యాటరీ వోల్టేజీని ప్లగ్గులకు సరిపడేలా పెంచే కాయిల్ కూడా మార్చారు. రెండు నెలలు హాయిగా నడిచింది. ఆ తరువాత మే నెల ఎండలో హైదరాబాదు వెళుతుండగా కోదాడ దాటాక ఒక్కసారిగా ఆగిపోయింది. సెల్ఫ్ కొడితే ఇంజిన్ తిరుగుతోంది గానీ ప్లగ్గులకు కరెంటు లేదు. పక్క ఊరి నుంచి వచ్చిన పెద్దాయన మూత తీసి చూసి, “సార్, పాయింట్లుంటే గీకి పంపించేవాణ్ణి, ఇందులో నేను గీకడానికి ఏమీ లేదు” అన్నాడు. బండిని మరో వాహనం మీద ఎక్కించుకుని ఇంటికి తెచ్చాను.

విజయవాడ ఆటోనగర్‌లో పాత పెట్రోల్ బళ్ల పని తెలిసిన మేస్త్రి ఒకాయన అసలు సంగతి తేల్చాడు. ఆ మాడ్యూల్‌కు కనీసం 3 ఓమ్‌ల కాయిల్ ఉండాలి. దుకాణంవారు పెట్టింది కరెంటును తగ్గించే బల్లాస్ట్ రెసిస్టర్‌తో కలిపి వాడాల్సిన 1.5 ఓమ్‌ల కాయిల్, పైగా ఆ రెసిస్టర్ లేకుండా. అంటే 12 వోల్టుల మీద 4 ఆంపియర్లు పారాల్సిన చోట 8 వరకూ పారే వీలుంది. మాడ్యూల్ మాడిపోక ఏమవుతుంది?

అంతకంటే నన్ను బాధపెట్టింది మొదటి లోపం. అదృష్టం కొద్దీ మా పాత ప్లేటు ఆ దుకాణం మూల తుక్కు డబ్బాలోనే ఉంటే వెతికి తెచ్చుకున్నాను. ఆ ప్లేటు మీద పాయింట్లకు కరెంటు తెచ్చే బెత్తెడు కూడా లేని మెత్తటి తీగ ఒకటి ఉంటుంది. పైన తొడుగు చెక్కుచెదరలేదు, లోపలి రాగి పోగులు మాత్రం తెగిపోయాయి. మేస్త్రి మీటరు పెట్టి, ప్లేటును వేలితో కొద్దిగా తిప్పితే ముల్లు పడిపోయింది, వదిలితే మళ్లీ లేచింది. సగం ఆక్సిలరేటర్ మీద పోతున్నప్పుడు ఇంజిన్ గాలి పీల్చే లాగుడుతో స్పార్క్‌ను ముందుకు జరిపే వాక్యూమ్ అడ్వాన్స్ ఆ ప్లేటును పక్కకు లాగుతుంది, అప్పుడే తెగిన పోగులు విడిపోతాయి. ఇంజిన్ నెమ్మదిగా తిరిగేటప్పుడూ, పూర్తిగా తొక్కినప్పుడూ ఆ లాగుడు ఉండదు కనుక తేడా తెలిసేది కాదు. బెత్తెడు తీగ మార్చాల్సిన చోట డిస్ట్రిబ్యూటర్ లోపలి సామానంతా మార్చారన్నమాట.

పాయింట్ల పద్ధతికి ఓపిక కావాలన్నది నిజమే. నాలుగు సిలిండర్ల ఇంజిన్ నిమిషానికి 3,000 చుట్లు తిరిగితే పాయింట్లు సెకనుకు నూరుసార్లు తెరుచుకుంటాయి. తెరుచుకున్న ప్రతిసారీ వాటి మధ్య చిన్న నిప్పురవ్వ లేవకుండా కండెన్సర్ కాస్తుంది. కండెన్సర్ దెబ్బతింటే పాయింట్లు త్వరగా మాడి గుంటలు పడతాయి, ప్లగ్గుల దగ్గర స్పార్క్ బలహీనపడుతుంది. అటువంటప్పుడు ఎన్నిసార్లు కొత్త పాయింట్లు వేసినా డబ్బు దండగ. మా బండికి పాయింట్ల ఖాళీ 14 నుంచి 16 థౌ (అంగుళంలో వెయ్యోవంతులు), అంటే సుమారు 0.35 నుంచి 0.4 మిల్లీమీటర్లు. దీన్ని కంటి అంచనాతో, విజిటింగ్ కార్డు ముక్కతో పెట్టేవాళ్లను చూశాను. ఖాళీ కొలిచే రేకుల కట్ట, ఫీలర్ గేజ్ ఖరీదెంతని? పాయింట్లను తెరిచే కామ్ మీద చిటికెడు గ్రీజు రాయకపోతే దానికి రాసుకునే పాయింట్ల మడమ అరిగి ఖాళీ తగ్గుతుంది, ఖాళీ తగ్గితే టైమింగ్, అంటే స్పార్క్ పడే సమయం, వెనకబడుతుంది, అప్పుడు పికప్ పోయి ఇంజిన్ వేడెక్కుతుంది. దానికి రేడియేటర్‌ను తప్పుబట్టి కడిగించుకున్నవాళ్లూ ఉన్నారు. మూత లోపల సన్నటి నల్లగీత కనిపిస్తే అది కరెంటు దొంగదారి పట్టిన గుర్తు, తుడిస్తే పోదు, మూత మార్చాల్సిందే. అన్నిటికంటే ముందు డిస్ట్రిబ్యూటర్ షాఫ్టును పట్టుకుని పక్కలకు కదిపి చూడాలి. షాఫ్టును పట్టి ఉంచే బుష్ అరిగి ఊగుతుంటే ఏ ఫీలర్ గేజూ ఆ ఖాళీని నిలకడగా ఉంచలేదు. ఎలక్ట్రానిక్ వల్ల మేలు జరిగేది నిజంగా ఇటువంటి చోటనే, అదీ బుష్ మరీ అరిగిపోకపోతేనే.

రోజూ నడిపే బండికి ఎలక్ట్రానిక్ పెట్టించుకోవడంలో తప్పులేదు. చలిలో తేలిగ్గా అందుకుంటుంది, తరచూ సరిచేసే పని తప్పుతుంది. కాకపోతే కాయిల్ ఓమ్‌లు మీటరుతో కొలిచి మాడ్యూల్‌కు సరిపోతుందో లేదో చూడాలి. బండి ఎర్త్, అంటే బాడీకి కలిపిన బ్యాటరీ కొస, నెగటివా పాజిటివా తెలుసుకోవాలి, ఎందుకంటే పాత బ్రిటిష్ నమూనా కార్లలో పాజిటివ్ ఎర్త్‌వి ఉన్నాయి, తీగలు తారుమారైతే మాడ్యూల్ అక్కడికక్కడే పోతుంది. ఇంజిన్ ఆగి ఉండగా తాళం ఆన్‌లో వదిలేయకూడదు. నా మటుకు నాకు నచ్చినది మధ్యేమార్గం: పాయింట్లను అలాగే ఉంచి, వాటి మీది భారాన్ని మాత్రం ట్రాన్సిస్టర్‌కు అప్పగించే చిన్న పెట్టె. పాయింట్ల గుండా పారే కరెంటు బాగా తగ్గిపోతుంది కనుక అవి మాడవు, పెట్టె చెడిపోతే రెండు తీగలు మార్చి పాత పద్ధతిలోనే ఇంటికి రావచ్చు. ఇప్పుడు మా బండి అలాగే నడుస్తోంది. డాష్‌బోర్డు అరలో ఒక జత పాయింట్లు, కండెన్సర్, రోటర్ ఎప్పుడూ ఉంటాయి.

దీనికి మరో ముఖం కూడా ఉంది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన వాహనాలకు ‘వీఏ’ వరుస నంబరుతో వింటేజ్ గుర్తింపు ఇచ్చే నిబంధనలను కేంద్ర రోడ్డు రవాణా శాఖ 2021 జులైలో తెచ్చింది. ఛాసిస్, బాడీ, ఇంజిన్‌లలో మార్పులు చేయకుండా బండిని అసలు రూపంలో ఉంచుకోవాలన్నది అందులోని షరతు. డిస్ట్రిబ్యూటర్ మూత కింద పెట్టిన మాడ్యూల్ ఇంజిన్‌లో మార్పు కిందకు వస్తుందా, మామూలు నిర్వహణ కిందకు వస్తుందా అన్నది యజమానులకు స్పష్టంగా తెలియాలి. ఎప్పుడైనా వెనక్కి మార్చుకోగలిగిన అమరికను నిర్వహణగానే చూడాలన్నది నా అభిప్రాయం. రెండు తెలుగు రాష్ట్రాల రవాణా శాఖలు ఈ విషయాన్ని ప్రజలకు అర్థమయ్యేలా తమ కార్యాలయాల్లో ప్రకటించాలని కోరుతున్నాను.

షెడ్డులవారికి నా మనవి ఒక్కటే. పాత డిస్ట్రిబ్యూటర్ నుంచి తీసిన ప్రతి ముక్కనూ, పనికిరాదని మీకు అనిపించినా సరే, ఒక సంచిలో వేసి బండి యజమాని చేతికి ఇవ్వండి.

భవదీయుడు,
ఒక విశ్రాంత అధ్యాపకుడు,
విజయవాడ