సర్టిఫికెట్లు బీరువాలో పెడితే నర్సులు నిలుస్తారా?

సంపాదకులకు నమస్కారం.

'నర్సులు దొరకడం లేదు, దొరికినా నిలవడం లేదు' అని ప్రైవేటు ఆసుపత్రుల యజమానులు వాపోతున్నట్టు మీ జిల్లా పేజీలో వచ్చిన కథనం చదివాను. దొరకడం లేదన్న మాట నేను నమ్మను. నిలవడం లేదన్నది మాత్రం నిజమే. ఎందుకు నిలవడం లేదో అందులో డాక్టర్లు చెప్పారు, మేనేజర్లు చెప్పారు. ఒక్క నర్సునైనా అడిగిన జాడ లేదు. విజయవాడ సూర్యారావుపేట ఆసుపత్రుల్లో స్టాఫ్ నర్సుగా మొదలుపెట్టి, ఇన్‌చార్జి సిస్టర్‌నై, నర్సింగ్ సూపరింటెండెంట్‌గా పదవీ విరమణ చేసినదాన్ని కనుక ఆ వైపు మాట నాలుగు ముక్కలు రాస్తున్నాను.

నేను పనిచేసిన ఒకచోట మేనేజింగ్ డైరెక్టర్ (ఎం.డి.) గారి గది పక్కన ఇనుప బీరువా ఉండేది. చేరిన ప్రతి అమ్మాయీ పదో తరగతి మార్కుల జాబితా మొదలు జి.ఎన్.ఎం. నర్సింగ్ డిప్లొమా, నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ దాకా అసలు కాగితాలన్నీ అందులో పెట్టాల్సిందే. రెండేళ్లదాకా మానేయనని బాండు. మొదటి నెల జీతం 'డిపాజిట్' పేరుతో ఆసుపత్రి దగ్గరే. ఇన్ని తాళాలు వేసినా అక్కడ ఏడాది నిండిన నర్సులను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. మానేయాలనుకున్న అమ్మాయి తండ్రినీ, ఊళ్లో కాస్త మాట చెల్లే మనిషినీ వెంటబెట్టుకుని వచ్చేది. పొద్దుగూకేదాకా ఆ గది ముందు బెంచీ మీద కూర్చుని కాగితాలు తీసుకుని వెళ్లేది. ఆ సాయంత్రం హాస్టల్‌లో ఆమె చెప్పిన మాటే మా ఆసుపత్రికి ప్రచారం. ఏ ఆసుపత్రిలో జీతం ఏ తారీఖున పడుతుందో, ఏ మేనేజరు నోరు ఎలాంటిదో సూర్యారావుపేట హాస్టళ్లలో తెలియని అమ్మాయి ఉండదు. నర్సుల బాండు పద్ధతిని రద్దు చేస్తున్నట్టు భారత నర్సింగ్ కౌన్సిల్ 2011లోనే ప్రకటించింది. ఆ సంగతి ఎం.డి. గారికి తెలియదనుకోను.

జీతం సంగతి దాచేదేమీ లేదు. మూడేళ్లు చదివి వచ్చిన పిల్లకు పన్నెండు వేలో పదమూడు వేలో ఇచ్చే చిన్న ఆసుపత్రులు చాలానే చూశాను. సుప్రీంకోర్టు 2016 జనవరిలో ఇచ్చిన ఆదేశంతో కేంద్రం వేసిన కమిటీ, 50 పడకలకు లోపున్న ఆసుపత్రిలోనైనా నెలకు 20,000 రూపాయలకు తగ్గకూడదని సిఫారసు చేసింది. 200 పడకలు దాటితే ప్రభుత్వ నర్సులతో సమానంగా ఇవ్వాలంది. అమలు రాష్ట్రాల చేతుల్లో పెట్టారు. అది ఎక్కడ ఆగిందో నర్సుల జీతాలే చెబుతాయి.

అయితే జీతమే అన్నిటికీ కారణమైతే, పక్క వీధిలో వెయ్యి రూపాయలు ఎక్కువిచ్చే చోటికి అందరూ వెళ్లిపోవాలి కదా? వెళ్లరు. నేను చూసినంతలో అమ్మాయిలను నిలిపేదీ, తరిమేదీ డ్యూటీ చార్టే.

చాలా ఆసుపత్రుల్లో చార్టు అంటే గోడకు అంటించిన కాగితం, దాని మీద తెల్ల సిరా మచ్చలు, మచ్చల మీద మళ్లీ కొత్త పేర్లు. రేపు తనది ఉదయమో, మధ్యాహ్నమో, రాత్రో ఈ రాత్రికి గాని తెలియదు. రాత్రి ఎనిమిదికి ఎక్కిన అమ్మాయి ఉదయం ఎనిమిదికి దిగబోతుంటే, "ఒకరు రాలేదమ్మా, రెండింటిదాకా ఉండు" అంటారు. అంటే పద్దెనిమిది గంటలు. ఆ పద్దెనిమిదో గంటలో ఆమె చేతిలో ఉన్నది పొటాషియం క్లోరైడ్ ఆంప్యూల్ కావచ్చు. దాన్ని సెలైన్‌లో కలిపి మెల్లగా ఎక్కించాల్సింది పోయి నేరుగా నరంలోకి పొడిస్తే గుండె ఆగిపోతుంది. నిద్ర ముంచుకొస్తున్న కళ్లకు ఆంప్యూళ్లన్నీ ఒకేలా కనిపిస్తాయి. వెంటిలేటర్ మీదున్న రోగికి ఒక నర్సు ఉండాలన్నది నియమం. ఇద్దరిని, ఒక్కోసారి ముగ్గురిని చూస్తూ, మధ్యలో బిల్లింగ్ కౌంటర్‌కు ఫైలు మోస్తూ గడిపే రాత్రులున్నాయి.

నాకు అధికారం చేతికొచ్చాక చార్టు నెలకోసారి వేశాను. ముందు నెల 25 కల్లా గోడ మీద ఉండేది. స్టాఫ్ గదిలో మేకుకు ఒక నోటు పుస్తకం వేలాడదీశాను. సెలవు కావాల్సిన వాళ్లు 20వ తేదీలోగా అందులో రాయాలి. పెళ్లి, సీమంతం, చెల్లెలి పరీక్ష, ఊళ్లో తిరనాళ్ల, ఏదైనా సరే, కారణం నేను అడగను. ఒకసారి వేసిన చార్టును నేను తప్ప ఎవరూ దిద్దకూడదు, డాక్టర్లు సహా. "ముందే చెబితే నెత్తికెక్కుతారు మేడం" అని మేనేజరు హెచ్చరించాడు. ఎక్కలేదు. చెప్పాపెట్టకుండా డ్యూటీ ఎగ్గొట్టడం బాగా తగ్గింది. నూజివీడు వైపు అమ్మాయి ఒకతె అన్న పెళ్లికి పుస్తకంలో రాసుకున్న రోజులు వాడుకుని, తలంబ్రాల పసుపు గోళ్ల నుంచి వదలకముందే తొలి బస్సుకు వచ్చి డ్యూటీ ఎక్కింది. వెనక అడిగిన సెలవు ఇవ్వనందుకు రెండు ఉద్యోగాలు వదిలిన పిల్ల ఆమె. ఎవరైనా రాకపోతే ఆ చోట నిలబడేందుకు అంతస్తుకు ఒక రిలీవర్ నర్సు కోసం మాత్రం యాజమాన్యంతో ఏళ్ల తరబడి పోట్లాడాను. 'ఖాళీగా కూర్చునే మనిషికి జీతమెందుకు' అనేవారు. ఒక నర్సు మానేస్తే కొత్తమ్మాయికి ఆ వార్డు పని తెలిసి రావడానికి నెలలు పడుతుంది. ఆ ఖర్చు ఏ పద్దులోనూ కనబడదు కాబట్టి అది ఖర్చే కాదన్నమాట.

ఎంపిక గురించి కూడా చెప్పాలి. ఇంటర్వ్యూలో ఎం.డి. గారు అడిగే మొదటి ప్రశ్న, 'పెళ్లెప్పుడమ్మా?' నేనైతే అమ్మాయిని వార్డులోకి తీసుకెళ్లి ఒక రోగికి బీపీ చూడమనేదాన్ని. ముట్టుకునేముందు చేతులు కడుక్కుందా, పట్టీ బిగించేముందు ఆ పెద్దాయనకు ఒక మాట చెప్పిందా, లెక్క సరిగా వినపడకపోతే మళ్లీ చూసిందా, తోచిన అంకె వేసేసిందా? ఈ చిన్న పరీక్షలో తెలిసినంత మార్కుల జాబితాలో తెలియదు. ఇక పెళ్లయి, కడుపుతో ఉన్న నర్సు రాజీనామా చేస్తుందన్నది యజమానుల నమ్మకం. చట్టం 2017 నుంచి 26 వారాల ప్రసూతి సెలవు ఇమ్మంటోంది. 50 మంది, అంతకుమించి పనిచేసేచోట శిశు సంరక్షణ గది ఉండాలంటోంది. మా ఆసుపత్రిలో ఆ గది కాగితం మీద ఉంది, చోటులో పాత మంచాలు ఉన్నాయి. అనుభవమున్న నర్సులను అలా పంపేసి, మళ్లీ 'అనుభవజ్ఞులు కావలెను' అని మీ పత్రికలోనే ప్రకటన వేస్తారు.

విదేశాలకు వెళ్లిపోతున్నారన్నది ఇంకో ఫిర్యాదు. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ జర్మన్ నేర్పించి మరీ నర్సులను జర్మనీ పంపుతోంది. వెళ్లనివ్వండి. రాత్రి డ్యూటీ దిగి, నిద్ర ఆపుకుని కొత్త భాష నేర్చుకునే పిల్లను పనిదొంగ అనగలమా?

కూతుళ్లను ఉద్యోగంలో చేర్చడానికి ఊళ్ల నుంచి వచ్చే తల్లిదండ్రులకు చివరిగా ఒక మాట. అసలు సర్టిఫికెట్లు చూపించండి, ఇవ్వకండి, జిరాక్సులు చాలు. ఇప్పటికే ఇచ్చి ఉంటే ఏవేవి ఇచ్చారో రాయించి, సంతకంతో రసీదు తీసుకోండి. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌ల ప్రకారం నియామక పత్రం ఇవ్వడం తప్పనిసరి. మానేసిన ఉద్యోగికి రావాల్సిన జీతం రెండు పనిదినాల్లో చెల్లించాలి. 'డిపాజిట్' కింద ఆపిన నెల జీతం సంగతి అడగడానికి మొహమాటపడవద్దు.

ఇట్లు,
ఒక విశ్రాంత నర్సింగ్ సూపరింటెండెంట్, విజయవాడ
(పేరు ప్రచురించవద్దని మనవి)