నాన్నగారు లేని తొలి వాయి

పెడనలోని మా అద్దకం షెడ్డు నుంచి బట్ట కొనే మీ అందరికీ నమస్కారం. మా నాన్నగారు ఈ జనవరిలో, సంక్రాంతి వెళ్లిన నాలుగో రోజున, తమ 71వ ఏట కన్నుమూశారు. ఆ తరువాత ఫిబ్రవరిలో మేము అద్దిన తొలి వాయిలో తప్పు జరిగింది. ఆ వాయిలోని 38 చీరలు మీలో కొందరి ఇళ్లకు చేరాయి కనుక ఈ రెండు సంగతులనూ ఒకే ఉత్తరంలో చెప్పవలసి వస్తున్నది.

తప్పేమిటో ముందు చెబుతాను. కలంకారీలో నల్లగీత కోసం తుప్పుపట్టిన ఇనుప ముక్కలను, బెల్లాన్ని నీళ్లలో వేసి రెండు మూడు వారాలు ఊరబెడతాము. దానిని కసిం అంటారు. కరక్కాయ నీళ్లలో తడిపి ఆరబెట్టిన బట్ట మీద టేకు అచ్చుతో కసిం అద్దగానే, కరక్కాయలోని వగరు ఇనుముతో కలిసి నలుపు తేలుతుంది. కసిం ఘాటు హద్దు మీరినా నలుపు బాగానే కనబడుతుంది, కాని కొన్ని వారాలకు గీత పడిన చోట నూలు బలం తగ్గి చివికిపోతుంది. నలభై ఏళ్లకు పైగా ఆ కుండ మూత తీసి వాసన చూసి, పాత గుడ్డపీలిక మీద ఒక చుక్క వేసి, ఆరాక రెండు వేళ్ల మధ్య నలిపి, “ఇంకో రెండు రోజులు ఉండనీ” అనో, “నీళ్లు కలుపు” అనో చెప్పినది నాన్నగారే. మేము రోజూ చూశామే గాని నేర్చుకోలేదు. ఫిబ్రవరిలో తమ్ముడూ నేనూ రంగు చూసి సరిపోయిందనుకున్నాము. ఏప్రిల్‌లో ఒకామె పంపిన ఫోటోలో నెమలి తోక చుట్టూ ఉన్న నల్లగీత వెంబడి బట్ట జల్లెడలా ఉన్నది.

ఇటువంటి సందర్భంలో నాన్నగారు ఏమి చేసేవారో మాకు ఊహించవలసిన పని లేదు. నేను పదో తరగతి చదువుతున్న ఏడు, ఉడుకులో పటిక సరిగా పట్టక ఎరుపు వెలిసిపోయే దుప్పట్లు 60 దాకా ఒక వ్యాపారికి వెళ్లాయి. ఆయన అడగకముందే నాన్నగారు బస్సెక్కి వెళ్లి సరుకంతా వెనక్కి తెచ్చి డబ్బు ఇచ్చేశారు. ఆ వేసవిలో అమ్మ గాజులు బందరులో తాకట్టుకు వెళ్లాయి. “ఆయన మంచితనానికి వడ్డీ కట్టింది నేను” అని అమ్మ ఇప్పటికీ అంటుంది. అందులో నవ్వెంతో నిష్ఠూరమెంతో మాకు తెలియదు.

1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో మా మేనత్త భర్త పోయారు. అప్పటికి నాన్నగారికి 22 ఏళ్లు, చేతిలో ఉన్నది దినకూలి అద్దకం పని. మేనత్తనూ ఆమె ఇద్దరు పిల్లలనూ పెడన తీసుకువచ్చి, పెద్ద మేనల్లుడు ఉద్యోగంలో చేరేవరకు ఎవరినీ తన పెళ్లి మాట ఎత్తనివ్వలేదు. మా చిన్నతనంలో ఆ ఇద్దరినీ మేము సొంత అన్నలనే అనుకున్నాము. కాదని చెప్పినది చుట్టాలే గాని నాన్నగారు కాదు. నా పెళ్లికి రెండు రోజుల ముందు నుంచి ఆయన నిమ్మతొక్కలతో గోళ్లు రుద్దుకుంటూ కూర్చున్నారు. అయినా పెళ్లికొడుకు కాళ్లు కడుగుతున్న ఫోటోలో పది గోళ్ల అంచులూ నల్లగానే ఉన్నాయి. కసిం మరక అంత త్వరగా పోదు.

ఆయన పోయాక బీరువాలో ఎర్రగుడ్డ అట్ట వేసిన అడ్వాన్సుల పుస్తకం దొరికింది. పనివారి పిల్లల ఫీజులకు, పురుళ్లకు, ఇంటి కప్పులకు ఇచ్చిన మొత్తం 2,14,000 రూపాయలు. చాలా పద్దులను ఆయనే స్వయంగా కొట్టివేశారు. కొట్టివేసిన వాటిని మేము అడగము. అయితే దాచకుండా చెప్పాలంటే, ఆయన ఇచ్చినంత ఇవ్వడం మా వల్ల కాదు, ఇకపై అడ్వాన్సుకు ఒక హద్దు ఉంటుంది. వానాకాలంలో ఉతుకు, ఎండబెట్టడం సాగక షెడ్డు మూతపడే రోజులకు ఆరుగురు పనివారికీ ఆయన ఇస్తూ వచ్చిన సగం కూలి మాత్రం మానము. అందుకోసం జూన్ నుంచి చీరకు 150 రూపాయలు పెంచుతున్నాము. అంతకన్నా వేరే కారణమేదీ లేదు.

ఇప్పుడు కసిం చూసే బాధ్యత నాన్నగారి పక్కబల్ల మీద 26 ఏళ్లు అద్దిన పెద్దాయనకు అప్పగించాము. ప్రతి కుండ నుంచీ ముందుగా ఒక పీలిక మీద అద్ది, పది రోజులు ఎండలో ఉంచి, లాగి చూసి చిరగకపోతేనే చీరల మీద అద్దుతున్నాము. దీనివల్ల మీ ఆర్డర్లు మూడు వారాలు ఆలస్యమవుతాయి. తొందర ఉన్నవారు చెబితే డబ్బు తిరిగి పంపుతాము.

చెడిన 38 చీరలలో 21 చీరల వారిని ఫోనులో కలుసుకున్నాము, వారికి కొత్త చీరలో డబ్బో అందుతున్నాయి. తక్కిన 17 చీరలు మార్చిలో విజయవాడలో పెట్టిన అమ్మకంలో పోయాయి, ఆ బిల్లుల మీద మేము పేర్లు రాసుకోలేదు. మెరూన్ నేల, నెమలి అంచు, పైట మీద జీవవృక్షం ఉన్న చీర ఆ నెలలో మా దగ్గర కొన్నవారు దయచేసి దానిని వెలుతురుకు ఎదురుగా పట్టి నల్లగీతలను ఒకసారి చూడండి. బిల్లు లేకపోయినా ఫోటో చాలు, పాత చీర తిరిగి పంపనక్కరలేదు.