‘శెట్టి’ అంటే ఒక్క కులమేనా?

పేరు చివర శెట్టి, చెట్టి కనబడగానే ‘కోమట్లు’ అని తేల్చేయడం మన పత్రికలకు అలవాటైపోయింది. అది మొదట వర్తకులకిచ్చిన గౌరవ బిరుదు. కోమట్లతోపాటు బలిజలూ, దేవాంగులూ పెట్టుకున్నారు. కర్ణాటక తీరంలోనైతే శెట్టి అంటే భూములున్న ‘బంట్’ కులస్థులు. 1852లో ప్రజల కష్టాలను ప్రభుత్వానికి విన్నవించే మద్రాస్ నేటివ్ అసోసియేషన్ స్థాపించిన గాజుల లక్ష్మీనరసు చెట్టి బలిజ. ‘క్రెసెంట్’ పత్రిక పెట్టి, కంపెనీ ప్రభుత్వ ఉద్యోగులు రైతుల్ని చిత్రహింసలు పెట్టి శిస్తు వసూలు చేయడంపై ఆయన చేసిన పోరాటం మన బడి పుస్తకాల్లో ఎంతుంది? కోమటి కుటుంబంలో పుట్టిన పొట్టి శ్రీరాములు పేరులోనేమో శెట్టే లేదు! ఈ చరిత్రకు ఆధారాలు శాసనాల్లోనే కాదు, పాత కొట్ల చిట్టా ఆవర్జాల్లోనూ (జమాఖర్చు పుస్తకాల్లోనూ) ఉన్నాయి. మా ఊరి పాత సామాన్ల కొట్లో ఎర్రగుడ్డ అట్ట వేసిన అలాంటి పద్దుల పుస్తకాలు తూకానికి పోవడం చూశాను. మొదటి పేజీలో పసుపు బొట్టు, ‘శ్రీరామ’. లోపల ఖాతాదారుల ఇంటిపేర్లు, ఊళ్లు, అప్పు, వడ్డీ. పొట్లాలకు చింపేస్తే మళ్లీ దొరికేవా అవి? రెండు రాష్ట్రాల ఆర్కైవ్స్ శాఖలూ జిల్లా గ్రంథాలయాల్లో స్కానర్లు పెట్టి, ఈ పుస్తకాలను కాపీ చేసుకుని సొంతదారులకు తిరిగివ్వాలి. వర్తక సంఘాలు కల్యాణ మండపాలకిచ్చే విరాళాల్లో కొంత ఇటు మళ్లిస్తే, ఖర్చుకు ప్రభుత్వం ముఖమే చూడనక్కర్లేదు.

— ఒక పాఠకుడు, తెనాలి