బరువులు ఎత్తొద్దన్నారు సరే, ఎన్ని కిలోలు, ఎన్నాళ్లు? కార్మిక శాఖ మంత్రి గారికి ఒక గుంటూరు హమాలీ బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర కార్మిక శాఖ మంత్రి గారికి,

నమస్కారం సార్. నేను గుంటూరు మిర్చి యార్డులో ముఠా హమాలీని, పంతొమ్మిదేళ్లుగా ఇదే పని. పోయిన జులైలో నాకు వెన్ను ఆపరేషన్ అయింది. నడుములో నాలుగో పూసకీ ఐదో పూసకీ మధ్య డిస్కు జారి నరాన్ని నొక్కుతుంటే ఆ జారిన ముక్క తీసేశారు. ఆపరేషన్ బాగా జరిగింది, చేసిన డాక్టరు గారి చెయ్యి మంచిది, ఆ మాట ముందే చెప్పేస్తున్నా, ఎందుకంటే ఇది ఆపరేషన్ మీద ఫిర్యాదు కాదు. ఆస్పత్రి నుంచి వచ్చిన రోజుకీ మళ్లీ బస్తా కిందికి వెళ్లిన రోజుకీ మధ్య కొన్ని నెలలున్నాయి చూశారూ, వాటి గురించి. ఆ నెలలు మీ శాఖ కిందికి వస్తాయో, ఆరోగ్య శాఖ కిందికో, మార్కెటింగ్ శాఖ కిందికో నాకు ఇప్పటికీ తెలియలేదు. ఎవర్నడిగినా పక్క ఆఫీసు చూపించారు.

మిర్చి బస్తాని మేం టిక్కీ అంటాం. ఒక్కోటి 40 నుంచి 45 కిలోలు. సంక్రాంతి దాటాక సీజన్ ఊపందుకుంటే ఒక్క రోజులో లక్ష టిక్కీలు దిగే రోజులు కూడా ఉంటాయి. ప్రతి టిక్కీ కనీసం మూడు నాలుగు సార్లు మనిషి వీపు మీద ప్రయాణం చేస్తుంది, లారీ నుంచి షాపు ముందుకి, అక్కడి నుంచి కాటాకి, మళ్లీ లారీకి, ఆ తర్వాత కోల్డ్ స్టోరేజీలో పై అంతస్తుకి.

మొదట్లో నడుము పట్టేసిందనుకున్నా. మా పనిలో నడుము పట్టనివాడెవడు? బామ్ రాసుకుంటూ, మందుల షాపులో బిళ్లలు అడిగి తెచ్చుకుంటూ ఎనిమిది నెలలు లాగించా. నొప్పి నడుములోంచి పిర్రలోకి, అక్కడి నుంచి పిక్కలోకి దిగింది, రాత్రిళ్లు కరెంటు షాకు కొట్టినట్టు జిల్లుమనేది. ఒకరోజు లారీకి ఆనించిన చెక్క మీదుగా టిక్కీతో ఎక్కుతుంటే వెనకున్న కుర్రాడు "బాబాయ్, నీ చెప్పేది?" అన్నాడు. చూసుకుంటే ఎడమకాలి చెప్పు పదడుగుల వెనక దుమ్ములో పడుంది. అది ఎప్పుడు జారిందో నాకు తెలియనే లేదు. ఆ కాలి బొటనవేలు పైకి లేపుదామంటే లేవట్లేదు.

ఆస్పత్రిలో డాక్టరు మొట్టమొదట అడిగింది నొప్పి గురించి కాదు, మూత్రం వచ్చేది తెలుస్తోందా అని. ఆ నరాలు కూడా నలిగితే వెంటనే ఆపరేషన్ చెయ్యాలట, ఆలస్యమైతే పట్టు తిరిగి రాకపోవచ్చట. పంతొమ్మిదేళ్లలో ఈ ముక్క నాకు ఎవరూ చెప్పలేదు. పొగ తాగరాదు అని గోడ మీద రాసిన చోటే దీన్ని కూడా రాయిస్తే పెద్ద ఖర్చేం కాదు కదా సార్, కాలు తిమ్మిరెక్కి చెప్పు జారుతుంటే బామ్ రాయకు, ఆస్పత్రికి వెళ్లు అని.

మూడో రోజు ఇంటికి పంపారు. డిశ్చార్జి కాగితం ఇంగ్లీషులో ఉంటే మా అమ్మాయి చదివి చెప్పింది: బాగా బరువులు ఎత్తకూడదు, ముందుకు వంగకూడదు, ఎక్కువసేపు కూర్చోకూడదు, రోజూ నడవాలి. నడక సరే. బాగా బరువు అంటే ఎంత? ఆఫీసులో పనిచేసే ఆయనకి నీళ్ల టిన్ను బరువే. నాకు 45 కిలోలు మామూలు. మళ్లీ చూపించుకోవడానికి వెళ్లినప్పుడు గట్టిగా అడిగితే చెప్పారు, ఆరు వారాల దాకా రెండు మూడు కిలోలకి మించొద్దు, తర్వాత మెల్లమెల్లగా పెంచుకో, నీలాంటి పనికి మూడు నెలలైనా పడుతుంది, తొందరపడితే అదే చోట మళ్లీ జారొచ్చు అని.

మెల్లమెల్లగా. ఆ మాట దగ్గరే నేను ఆగిపోయాను సార్. యార్డులో ఐదు కిలోల టిక్కీ లేదు, ఇరవై కిలోల టిక్కీ లేదు. కొత్తగా వచ్చిన కుర్రాడికైనా, కుట్లు విప్పించుకుని వచ్చిన నాకైనా మా పని 40 కిలోల దగ్గరే మొదలవుతుంది.

అందుకని ఇంట్లోనే ఒక గోతాం తీసి మా ఆవిడ బియ్యం కొలిచి పోసింది. మొదట ఐదు కిలోలు, రెండు వారాలకి పది, తర్వాత పదిహేను. నేల మీద నుంచి కాదు, బల్ల మీద నుంచి ఎత్తడం, మోకాళ్లు వంచి, సంచిని పొట్టకి ఆనించుకుని, నడుము మెలితిప్పకుండా పాదాలతో తిరగడం. ఇదంతా ఫిజియోథెరపీ ఆయన నేర్పారు. మంచి మనిషే గానీ హమాలీ పని ఎప్పుడూ చూసినట్టు లేదు. మాకు ఇద్దరు మనుషులు చెరో వైపు కొక్కెం వేసి టిక్కీ లేపి వీపు మీదికి వదుల్తారు, అది పడే క్షణంలోనే మనం సగం తిరిగి ఉంటాం. ఆ తిరగడమే మా పని. ఆయనకి నేను కుర్చీ మీద దిండు పెట్టి చూపిస్తే కాసేపు ఏం మాట్లాడలేదు.

అక్టోబరు చివర్లో యార్డుకి వెళ్లా. బరువు సంగతి తర్వాత, ముందు ఘాటు. ఇంత కాలం ఆ ఘాటు మాకు పట్టనే పట్టదనుకునేవాణ్ణి, మూడు నెలలు దూరంగా ఉండేసరికి గేటు దాటగానే దగ్గు మొదలైంది, దగ్గిన ప్రతిసారీ కుట్టు వేసిన చోట ఎవరో చీరుతున్నట్టే. దగ్గు వస్తే మోకాళ్లు కొంచెం వంచి, చెయ్యి గోడకి ఆనించమన్నారు. మిర్చి యార్డులో గోడలు వెతుక్కుంటూ నడిచాను.

మా ముఠాలో పద్నాలుగు మందిమి. కూలి డబ్బు ఒకచోట పోసి పంచుకుంటాం. మేస్త్రీ నన్ను సంచుల మూతులు కుట్టడానికీ, రాలిన కాయ ఊడ్చడానికీ పెట్టి అర వాటా ఇప్పించాడు. రెండు నెలలు అలాగే గడిచింది. ఆ అర వాటా ఆకాశంలోంచి ఊడిపడలేదు, మిగతా పదమూడు మంది జేబుల్లోంచి వచ్చింది, నేను మొయ్యని టిక్కీలు వాళ్లు మోశారు. అందులో ఒకాయనకి యాభై ఆరేళ్లు, ఆయన నడుమూ బాగోలేదు, స్కానింగుకి వెళ్లమంటే "తీస్తే ఏదో ఒకటి చెప్తారు, అప్పుడు నాకెవడిస్తాడు ఊడ్చే పని" అంటాడు.

మా తోడల్లుడు స్పిన్నింగ్ మిల్లులో చేస్తాడు. కాలు విరిగితే ఈఎస్ఐ, అంటే కార్మికుల ప్రభుత్వ బీమా, నుంచి జీతంలో 70 శాతం వచ్చింది, ఏడాదిలో 91 రోజుల దాకా ఇస్తారట. మరి నాకెందుకు లేదని అడిగితే యజమాని ఎవరని అడిగారు. ఏం చెప్పను? సరుకు రైతుది, షాపు కమీషన్ ఏజెంటుది, కొన్నది ఎగుమతిదారు, స్థలం మార్కెట్ కమిటీది. నడుము ఒక్కటే నాది. మహారాష్ట్రలో ఇదే చిక్కుకి 1969లోనే మథాడి (బరువులు మోసేవాళ్లు), హమాలీల చట్టం తెచ్చారు, వ్యాపారులు కూలితో పాటు దాని మీద కొంత శాతం లెవీగా హమాలీల కోసం పెట్టిన బోర్డుకి కడితే ఆ బోర్డే కూలి ఇస్తుంది, పీఎఫ్, గ్రాట్యుటీ, వైద్యం అన్నీ అందులోంచే. అది జరిగి యాభై ఏళ్లు దాటింది. ఇంత పెద్ద మిర్చి మార్కెట్ ఉన్న ఊళ్లో మనకెందుకు కుదరదో మీరే చెప్పాలి.

డబ్బు సంగతి కూడా చెప్తా. ఆపరేషన్ ప్రభుత్వం ఇచ్చిన వైద్యం కార్డు మీదే అయింది, దానికి ప్రభుత్వానికి దణ్ణం పెడతా. కానీ ఇంట్లో పడుకున్న మూడు నెలలకి నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చాను. 2019 డిసెంబరులో ఇదే గుంటూరులో ఆరోగ్య ఆసరా మొదలుపెట్టినప్పుడు ఆపరేషన్ అయినవాళ్లకి విశ్రాంతి కాలంలో రోజుకు 225, నెలకు 5000 మించకుండా అన్నారు. ఆలోచన మంచిది. పేరు ఏది పెట్టుకున్నా, ఏ పార్టీ ఇచ్చినా మాకు ఒకటే. లెక్క మాత్రం మార్చండి సార్, విశ్రాంతి ఎన్ని రోజులన్నది ఆపరేషన్ పేరు చూసి కాదు, మనిషి చేసే పని చూసి రాయాలి. అదే ఆపరేషన్ అయిన గుమస్తా నెలకో నెలన్నరకో కుర్చీలో కూర్చోగలడు. నేను కూర్చుంటే కూలి రాదు.

అలాగే డాక్టరు ఇచ్చే ఫిట్‌నెస్ కాగితం మీద కిలోలు వెయ్యించండి, తెలుగులో. ఫలానా తేదీ దాకా 5 కిలోలు, ఫలానా తేదీ నుంచి 20, ఇద్దరు కలిసి అయితే ఇంత అని. ఆ కాగితం చూపిస్తే యార్డులో తేలిక పని ఇవ్వాలని ఒక రూలు, ఆ రోజుల కూలి మార్కెట్ సెస్సులోంచి. మా ముఠా వాళ్ల జేబుల్లోంచి కాదు. మగమనిషి ఒక్కడు ఎత్తే బరువు 55 కిలోలు దాటకూడదని 1967లో ఐఎల్ఓ, అంటే అంతర్జాతీయ కార్మిక సంస్థ, సిఫారసు చేసిందని యూనియన్ ఆఫీసులో చెప్పారు. 45 దానికంటే తక్కువే, కాగితం మీద మేం క్షేమం. రోజుకు ఎన్నిసార్లు అన్నది కూడా ఎవరైనా లెక్క వెయ్యాలి, వెన్ను కోయించుకున్నవాడికి ఎంత అన్నది కూడా.

పని మార్చుకోవచ్చుగా, వాచ్‌మన్‌గా చేరు అని చాలామంది చెప్పారు. చేరాను, పదకొండు రోజులు. ప్లాస్టిక్ కుర్చీలో పన్నెండు గంటలు కూర్చుంటే టిక్కీ మోసిన దానికంటే ఎక్కువ నొప్పి వచ్చింది.

జనవరి నుంచి పూర్తి టిక్కీ మోస్తున్నా. మిగతా వాళ్లకంటే రోజుకు పాతిక ముప్పై తక్కువ, వాటా ముప్పావు. ఎడమ బొటనవేలు ఇంకా మొద్దుగానే ఉంది, అందుకని చెప్పులు మానేసి వెనక పట్టీ ఉన్న శాండిల్స్ కొన్నా.

ఇట్లు,
ఒక ముఠా హమాలీ,
మిర్చి యార్డు, గుంటూరు

తా.క.: యూనియన్ ఆఫీసు నంబరు మీ పేషీలో ఇచ్చాను. ఫోన్ చేయిస్తే పొద్దున్నే చేయించండి సార్. మధ్యాహ్నం కాటాలు మొదలయ్యాక ఎవరం ఫోన్ ఎత్తలేం.