పద్మశాలి పటం సంరక్షణ: చందాల జమా ఖర్చుల వివరణ

మార్కండేయుడు, మన మూలపురుషుడు భావనారుషి, వీరి కథను పొడవాటి బట్ట మీద బొమ్మలుగా రాసిన మన కులపు పటాన్ని కాపాడుకోవడానికి 2024 ఉగాది నుంచి వసూలు చేసిన చందాలతో తలపెట్టిన పని 2025 నూలి పున్నమి నాటికి పూర్తయినందున, వచ్చిన ప్రతి రూపాయికీ, పోయిన ప్రతి రూపాయికీ లెక్క చెప్పవలసిన బాధ్యతతో కమిటీ ఈ వివరణను దాతల ముందు ఉంచుతున్నది. మొత్తం జమ రూ. 3,98,240. మొత్తం ఖర్చు రూ. 3,82,100. చేతిలో మిగిలినది రూ. 16,140.

జమలో మన ఊరి ఇంటింటి చందా రూ. 1,18,600. బతుకుదెరువు కోసం భివండి, షోలాపూర్, సూరత్ వెళ్లి అక్కడే స్థిరపడిన మన వాళ్లు పంపినది రూ. 1,64,000. పుట్టిన ఊరి పటం కోసం మరమగ్గాల మీద కూలి చేసుకునేవారు సైతం వందా రెండు వందలు జోడించి పంపిన మొత్తమిది కాబట్టి, దీనిని దాతల జాబితాలో పేరుపేరునా వేరుగా చూపించాము. హైదరాబాదులో ఉద్యోగాలు చేసుకుంటున్నవారు రూ. 72,500 ఇచ్చారు. కుల సంఘం తీర్మానం మేరకు మార్కండేయ దేవాలయం నిధి నుంచి రూ. 40,000 వచ్చాయి. బ్యాంకు వడ్డీ రూ. 3,140.

ఖర్చు వివరాలలోకి వెళ్లే ముందు, ఈ డబ్బును ఈ విధంగానే ఎందుకు ఖర్చు పెట్టవలసి వచ్చిందో చెప్పాలి. పటం చిరిగి, రంగు రాలి, కథ చెప్పడానికి పనికిరాని స్థితికి వస్తే కొత్తది రాయించి, పూజ చేసి, పాతదాన్ని నదిలో కలపడం మన ఆనవాయితీ. ఆ ప్రకారమే చేయాలని పెద్దలు కొందరు మొదటి సమావేశంలో పట్టుపట్టారు. వారి మాటలో భక్తి ఉన్నది, దాన్ని కమిటీ గౌరవించింది. అయితే ఆ ఆనవాయితీ వల్లనే తెలంగాణలో పాత పటాలు బహు కొద్దిగా మిగిలాయన్నది కూడా వాస్తవమే. హైదరాబాదులోని జగదీశ్ మిట్టల్ సేకరణలో 1625 నాటి మన పద్మశాలి పటం ఉన్నదంటే, అది నీటి పాలు కాకుండా ఎవరో దాచినందువల్లనే. చివరకు పాత పటాన్ని ఉన్నది ఉన్నట్టు కాపాడాలని, పటం చూపి మన కులపు కథ చెప్పే కూనపులి వారికి ఊరూరా తిరిగి కథ చెప్పుకోవడానికి కొత్త పటం రాయించాలని సభ ఏకగ్రీవంగా నిర్ణయించింది. ఖర్చు రెండు పాయలుగా సాగడానికి కారణం ఈ నిర్ణయమే.

మొదటి ఖర్చు పరిశీలన, ఫోటోలు, నివేదికల కోసం రూ. 28,000. మూడడుగుల వెడల్పు, ఇరవై ఎనిమిది అడుగుల పొడవు ఉన్న పటాన్ని సంరక్షణలో శిక్షణ పొందిన ఇద్దరు నిపుణులు దేవాలయం మంటపంలో కొంచెం కొంచెంగా విప్పి, పక్క నుంచి వాలుగా దీపం పట్టి, పొర లేచిన ప్రతి చోటునూ గుర్తించి ఫోటో తీశారు. పటం బట్టకు ముందు బియ్యపు గంజి పెట్టి, దాని మీద సుద్దమట్టి, చింతగింజల అంబలి, చెట్టు బంక కలిపిన పూత వేసి, ఆ పైన రంగులు వేస్తారన్నది పటాలు రాసే చేర్యాల నకాశీ చిత్రకారుల పని చూసిన వారికి తెలిసినదే. గంజి, చింతగింజల పిండి పురుగులకు ఆహారం. సుద్ద పూత వంగదు కాబట్టి పటాన్ని బిగించి చుట్టిన కొద్దీ అడ్డంగా పగుళ్లు పడి, ఆ పగుళ్ల అంచుల వెంట రంగు పెచ్చులుగా లేస్తుంది. వీటికి తోడు దీపాల పొగ, ఒకటి రెండు చోట్ల వాన నీటి చారలు, వెనుక వైపు ఎప్పుడో అంటించిన సెల్లోటేపు, పుస్తకాల బైండింగుకు వాడే తెల్ల బంకతో వేసిన అతుకులు కనిపించాయి. బంక ఎండి బిగిసిన చోట బట్ట ముడుచుకుపోయి, ఎదుటి వైపు బొమ్మను కూడా లాగేసింది.

నిపుణుల పారితోషికం రూ. 1,65,000. ఇది మొత్తం ఖర్చులో అన్నిటికన్నా పెద్ద పద్దు. దీని మీదనే ఎక్కువ ప్రశ్నలు వచ్చినందున కొంచెం వివరంగా చెబుతున్నాము. పటాన్ని హైదరాబాదుకు తీసుకువెళ్లి ఇద్దరు మనుషులు పదకొండు వారాలు పనిచేశారు. ముందుగా పటాన్ని గాలి చొరని సంచిలో, ప్రాణవాయువును పీల్చే పొట్లాలతో కలిపి మూడు వారాలు మూసి ఉంచారు. మందు చల్లకుండానే పురుగులు, వాటి గుడ్లు చచ్చిపోయేది ఈ పద్ధతిలో. తరువాత మెత్తని కుంచెతోను, మసిని అద్దుకునే రబ్బరు స్పాంజితోను పొగమసిని తీశారు. రంగులో బంక పాలు తక్కువ కాబట్టి తడి తగిలితే మరక పడుతుంది. అందువల్ల నీళ్లతో తుడవడమన్న మాటే లేదు. లేచిన ఒక్కొక్క పెచ్చు కిందికి సన్నని కుంచె మొనతో పలుచని బంక చుక్క పంపి, పైన పలుచని కాగితం వేసి, చిన్న బరువు పెట్టి, అది కరుచుకున్న తరువాతే పక్క పెచ్చుకు వెళ్లారు. కమిటీ తరఫున వెళ్లిన సభ్యులు చూసిన రోజున, ఉదయం నుంచి సాయంత్రం దాకా పని జరిగినది అరచేయి వెడల్పు జాగాలోనే. అంత ఓపికకు ఇచ్చిన కూలి ఎక్కువ అని కమిటీ అనుకోవడం లేదు.

సామగ్రికి అయినది రూ. 37,450. ముందు వేసుకున్న అంచనా కన్నా ఇది పెరిగింది. పెచ్చులు అంటించడానికి వాడిన ఫునోరి అనే బంక జపానులో సముద్రపు నాచు నుంచి తీసేది. అది ఎండిన తరువాత మెరుపు రాదు, అవసరమైతే రాబోయే తరాలు మళ్లీ తీసివేయవచ్చు. చిరుగులకు వెనుక నుంచి వేసిన జపాను కాగితం, గోధుమ గంజి కూడా అలా తీసివేయదగినవే. చవక బంకతో సరిపెట్టవచ్చు కదా అని అడిగినవారికి మా సమాధానం పటం వెనుకనే ఉన్నది. పాత తెల్ల బంకను మెత్తబరచి, గీకి, బట్ట దెబ్బతినకుండా ఊడదీయడానికే పదకొండు వారాల్లో చాలా భాగం పట్టింది.

ఇంత డబ్బు పెట్టిన తరువాత కూడా భావనారుషి భార్య భద్రావతి ముఖం సగం చెరిగినట్టే ఉన్నదని, పులి మీద కూర్చున్న భావనారుషి చేయి కనబడడం లేదని కొందరు దాతలు బాధపడ్డారు. ఆ బాధ న్యాయమైనదే. కాని ఆ చోట్లలో రంగు పోయినది పురుగు వల్లనో తేమ వల్లనో కాదు. కథ చెప్పేవారు తరతరాలుగా కర్రతో తాకి చూపించినది అక్కడే. తామరతూడు నుంచి నూలు తీసిన ఘట్టం, పెళ్లి ఘట్టం, పులి ఘట్టం, ఈ మూడింటిలోనే బొమ్మలు ఎక్కువగా అరిగాయి. జనం మళ్లీ మళ్లీ చెప్పించుకున్న కథ ఏదో ఆ అరుగుదలే చెబుతున్నది. అక్కడ కొత్త ముఖం గీస్తే అది ఈనాటి చిత్రకారుని ఊహ అవుతుంది తప్ప ఆనాటి నకాశీ గీత కాదు. కాబట్టి సుద్ద పూత పోయిన గుంటలను నింపి, దూరం నుంచి చూసేవారి కంటికి అడ్డు తగలకుండా చుట్టూ ఉన్న ఎరుపుకు దగ్గరి పలుచని రంగు అద్ది, గీతలు మాత్రం గీయకుండా వదిలేశారు. ఈ విషయంలో నిపుణులు అడిగారు, కమిటీ ఆలోచించి ఒప్పుకున్నది, ఆ నిర్ణయానికి పూర్తి బాధ్యత కమిటీదే.

పూర్తి ముఖాలతో ఉన్న భద్రావతిని చూడదలచినవారు కొత్త పటంలో చూడవచ్చు. దాన్ని సిద్దిపేట జిల్లా చేర్యాల నకాశీ కళాకారుల చేత రాయించాము. అందుకు ఇచ్చినది రూ. 78,000. బట్టను మన ఊరి మగ్గం మీదే నేసి ఉచితంగా ఇచ్చినందున దాని వెల లెక్కలోకి రాలేదు. పరిశీలన నాడు తీసిన ఫోటోలే వారికి మాతృక అయ్యాయి. పైన గణపతి, సరస్వతి మొదలుకొని ఘట్టాల వరుస, మధ్య పూల పట్టెలు పాత పటంలో ఉన్న క్రమంలోనే వచ్చాయి. రూ. 28,000 ఫోటోలకేనా అని అడిగినవారు ఈ ప్రయోజనాన్ని కూడా గమనించగలరు.

కూనపులి కుటుంబానికి రూ. 24,000 ఇచ్చాము. పటం వారిది, మిరాశీ ఊళ్లలో, అంటే వంశపారంపర్యంగా వారికి వచ్చిన ఊళ్లలో, కథ చెప్పే హక్కు కూడా వారిదే. పని జరిగిన కాలంలో పటం లేక ఒక ఎండాకాలపు తిరుగుడు మొత్తం వారికి పోయినందున ఈ సొమ్ము ఇవ్వడం దానం కాదు, బాకీ తీర్చడం. పాత పటం మీద యాజమాన్యం వారికే ఉంటుందని, వారి అనుమతి లేకుండా కమిటీ దాన్ని ఎక్కడికీ పంపరాదని కాగితం రాసుకున్నాము.

హైదరాబాదుకు తీసుకువెళ్లి తిరిగి తెచ్చిన వ్యానుకు, దారిలో కుదుపు తగలకుండా చేయించిన పెట్టెకు కలిపి రూ. 14,600 అయింది. పటాన్ని భద్రపరిచే బీరువా, లావుపాటి గొట్టం, ఆమ్లం లేని కాగితం, తేమ పీల్చే పొట్లాలకు రూ. 31,800. ఇకపై పటాన్ని బొమ్మ వైపు బయటికి ఉండేలా ఆ గొట్టం మీద వదులుగా చుట్టి, గంజి లేని ఉతికిన నేతబట్ట కప్పి ఉంచుతాము. రశీదు పుస్తకాలు, జిరాక్సులు, ఫ్లెక్సీకి రూ. 3,250. పరిశీలనకు వచ్చిన నిపుణుల భోజన వసతులను ఊరి వారే చూసుకున్నందున ఆ ఖర్చు చూపలేదు. కమిటీ సభ్యుల ప్రయాణాలకు చందా సొమ్ములో నుంచి ఏమీ తీసుకోలేదు.

మిగిలిన రూ. 16,140 కుల సంఘం పేరిట వేరు ఖాతాలో ఉన్నది. ఏటా వానాకాలం ముగిశాక నిపుణుల చేత ఒకసారి పటాన్ని చూపించడానికి, తేమ పొట్లాలు మార్చడానికి తప్ప దాన్ని మరి దేనికీ వాడరాదని తీర్మానించాము. బిల్లులు, రశీదుల నకళ్లు, బ్యాంకు పుస్తకం, పనికి ముందు వెనుకల ఫోటోలు మార్కండేయ దేవాలయంలో ఉంచాము. ప్రతి ఆదివారం ఉదయం ఏ దాత అయినా వచ్చి చూడవచ్చు. దూరాన ఉన్నవారు రశీదు నంబరు తెలిపితే వారి చందా నమోదైన పేజీ ఫోటో పంపిస్తాము. పేరు తప్పుగా పడినా, మొత్తం తేడా ఉన్నా దీపావళిలోగా తెలియజేస్తే సరిచేసి, తుది జాబితాను కార్తీక పౌర్ణమి సభలో చదివి వినిపిస్తాము.